రీసెట్ కొట్టే ముందు ఈ మూడు ప్రశ్నలు: ఫోన్ సమస్య ఎక్కడుందో మనమే పట్టుకుందాం

కొంపల్లిలో మా చిన్నమ్మకు ఒక కర్రీ పాయింట్ ఉంది. పోయిన వేసవిలో ఒకరోజు తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఊకె ఆగిపోతుందిరా. గిరాకి ఉన్నప్పుడే పైసలు పడ్డయో లేదో తెలుస్తలేదు. జర సూడు" అంది.

నిజం చెప్పాలంటే నేను చూసిందేమీ లేదు. చుట్టాల్లో నాకు ఫోన్ల డాక్టర్ అని పేరు. ఆ ధీమాతో నేరుగా సెట్టింగ్స్‌లోకి వెళ్లాను. "వాట్సాప్ బ్యాకప్ ఉందా?" అని మాత్రం అడిగాను. "రోజూ అయితదని వస్తదిగా" అంది. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశాను. అరగంటలో ఫోన్ కొత్తదానిలా పరుగెత్తింది. టీ తాగి ఇంటికొచ్చేశాను.

రాత్రి ఫోన్ చేసింది. "మీ బాబాయి మాట్లాడినయి ఏవిరా?"

బాబాయి చనిపోయి అప్పటికి ఏడాదిన్నర. ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. రోజూ అవుతుందని చిన్నమ్మ చెప్పింది లోకల్ బ్యాకప్. అది ఫోన్ లోపలే సేవ్ అవుతుంది. రీసెట్‌తో పాటే అదీ పోయింది. గూగుల్ అకౌంట్‌లో బ్యాకప్ ఎప్పుడూ ఆన్ చేయలేదు.

ఇంకా దారుణం ఏంటంటే, మూడో రోజు అదే ఫోన్ మళ్లీ హ్యాంగ్ అయ్యింది. ఈసారి షాపుకే వెళ్లి చూశాను. స్టవ్‌కు రెండడుగుల దూరంలో, మందపాటి పౌచ్‌లో, ఛార్జింగ్ పెట్టి ఉంది ఫోన్. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. వేడికి ఆగిపోతున్న ఫోన్‌కి నేను రీసెట్ మందు వేశానన్నమాట. "ఎప్పుడు ఆగిపోతుంది?" అని మొదటి రోజే అడిగి ఉంటే, "పొద్దున బాగనే ఉంటది, పన్నెండు దాటినంకనే" అని చెప్పేది. ఆ ఒక్క మాటతో రోగం దొరికేది.

అందుకే ఈ ఆర్టికల్. ఫోన్‌లో తరచూ వచ్చే సమస్యలకు ట్రిక్కుల లిస్ట్ కంటే ముందు, సమస్య ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి చెప్తాను. తర్వాత ఒక్కో సమస్యకు ఆ పద్ధతి ఎలా వాడాలో చూద్దాం.

మూడు ప్రశ్నలు

ఒకటి: ఎప్పటి నుంచి? సమస్య మొదలయ్యే ముందు ఏం మారింది? అప్‌డేట్ వచ్చిందా, కొత్త యాప్ వేశారా, కింద పడిందా, వానలో తడిసిందా, కొత్త టెంపర్డ్ గ్లాస్ వేయించారా?

రెండు: ఎప్పుడు, ఎక్కడ? రోజంతా వస్తుందా, మధ్యాహ్నమేనా? ఇంట్లోనా, సెల్లార్‌లోనా, బైక్ మీదా? ఒక్క యాప్‌లోనా, అన్నింట్లోనా?

మూడు: ఒక్కటి మారిస్తే ఏమవుతుంది? ఛార్జర్ మార్చండి. లేదా సిమ్ వేరే ఫోన్‌లో వేయండి. కానీ ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఛార్జర్, కేబుల్, ప్లగ్ పాయింట్ మూడూ ఒకేసారి మారిస్తే, దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు.

ఈ మూడింటి తర్వాత కూడా తేలకపోతే, వెనక్కి తీసుకోగలిగే పనులు ముందు, తీసుకోలేనివి చివర. రీస్టార్ట్ చేస్తే పోయేదేమీ లేదు. రీసెట్ చేస్తే మాత్రం వెనక్కి రావడం ఉండదు.

ముందుగా బ్యాకప్

ఏ సమస్య అయినా సరే, ఫోన్ ఇంకా ఆన్ అవుతున్నప్పుడే బ్యాకప్ తీసేయండి. స్క్రీన్ పూర్తిగా పోయాక తీయడం చాలా కష్టం.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లండి. ఆండ్రాయిడ్‌లో అక్కడ రెండు తేదీలు కనిపిస్తాయి: ఒకటి లోకల్, ఇంకోటి గూగుల్‌ది. చూడాల్సింది రెండోది. 2024 నుంచి ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా గూగుల్ అకౌంట్‌కు ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకు వస్తోంది. జీమెయిల్, ఫోటోలతో అది నిండిపోతే కొత్త బ్యాకప్ ఆగిపోతుంది. చాలామంది ఆ నోటిఫికేషన్‌ను పక్కకు తోసేస్తారు. బ్యాకప్‌కు పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లు ఆ పాస్‌వర్డ్ రాసి పెట్టుకోండి. మర్చిపోతే వాట్సాప్ కూడా తెరవలేదు.

"రీసెట్ అయినా డేటా రికవర్ చేసేవాళ్లు ఉంటారుగా?" అని నేనూ అనుకున్నాను. ఆండ్రాయిడ్ 10తో గానీ ఆ తర్వాతి వెర్షన్లతో గానీ మార్కెట్లోకి వచ్చిన ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉండటం తప్పనిసరి. రీసెట్ చేయగానే ఆ తాళం చెవులు చెరిగిపోతాయి. మెమరీ చిప్ మీద ఏవైనా మిగిలినా, వాటిని చదవడానికి తాళం చెవి ఉండదు. "రికవర్ చేసిస్తాం, డబ్బులు ముందే ఇవ్వండి" అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

సమస్య 1: ఫోన్ వేడెక్కడం, మధ్యాహ్నం మాత్రమే హ్యాంగ్ అవడం

యాపిల్ ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమంటుంది. శామ్‌సంగ్ కూడా అంతే. హైదరాబాద్‌లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అంటే మన వేసవి మధ్యాహ్నాలు చాలావరకు కంపెనీ చెప్పిన హద్దు బయటే ఉంటాయి. స్టవ్ పక్కన, కారు డ్యాష్‌బోర్డు మీద అయితే చెప్పక్కర్లేదు.

వేడెక్కినప్పుడు ఫోన్ తనను తాను కాపాడుకుంటుంది. ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, బ్రైట్‌నెస్ దించేస్తుంది, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది, ఫ్లాష్ పనిచేయదు. మనకు ఇవి నాలుగు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. కానీ కారణం ఒక్కటే.

టెస్ట్ చాలా సింపుల్. పౌచ్ తీసి, ఛార్జర్ పీకి, ఫ్యాన్ కింద ఇరవై నిమిషాలు పెట్టండి. మామూలైపోతే అది వేడే. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. చల్లబడి బయటకు తీయగానే లోపల తేమ పడుతుంది.

బైక్ మీద మ్యాప్స్ పెట్టుకుని ఎన్‌హెచ్ 44 మీద మేడ్చల్ వైపో, సుచిత్ర వైపో తిరిగే తమ్ముళ్లకు ఒక మాట. నేరుగా ఎండ, ఫుల్ బ్రైట్‌నెస్, జీపీఎస్, పైగా ఛార్జింగ్: ఈ నాలుగూ కలిస్తే ఏ ఫోనైనా ఉడికిపోతుంది. స్క్రీన్ ఆఫ్ చేసి, బండి నెమ్మదిగా నడుపుతూ వాయిస్ నావిగేషన్ వినొచ్చు. అన్నట్టు, శక్తివంతమైన బైక్ ఇంజన్ల వైబ్రేషన్ కెమెరాలోని స్టెబిలైజేషన్‌ను దెబ్బతీయొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. హ్యాండిల్ మౌంట్ పెట్టాక కెమెరా ఫోకస్ వణుకుతోందంటే, కారణం యాప్‌లో వెతకొద్దు.

సమస్య 2: ఛార్జింగ్ ఎక్కట్లేదు

మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఆంటీకి రిపేర్ షాపులో "బోర్డు పోయింది" అని చెప్పి వేలల్లో అడిగారు. టార్చ్ వేసి చూస్తే పోర్ట్ నిండా దూది. జేబులో, హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండే నూలు పోగులూ దుమ్మూ కేబుల్ గుచ్చిన ప్రతిసారీ లోపలికి నొక్కుకుని గట్టిపడతాయి. కేబుల్ పూర్తిగా దిగదు. "టక్" మని కూర్చోకపోయినా, కేబుల్‌ను ఒక కోణంలో పట్టుకుంటేనే ఎక్కుతున్నా, ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో అంచుల వెంబడి మెల్లగా లాగండి. పిన్నీసు, సూది వద్దు. టైప్ సి పోర్ట్ మధ్యలో ఉండే సన్నని నాలుక మీదే కాంటాక్టులన్నీ ఉంటాయి. దాన్ని గీకితే నిజంగానే పోర్ట్ మార్చాల్సి వస్తుంది.

పోర్ట్ శుభ్రంగా ఉంటే మూడో ప్రశ్నకు రండి: వేరే కేబుల్, తర్వాత వేరే అడాప్టర్, తర్వాత వేరే ప్లగ్. ఎక్కువసార్లు దొంగ కేబులే.

"ఎక్కుతోంది కానీ స్లో" అయితే లెక్క వేరు. ఒక బ్రాండ్ 80 వాట్ల ఛార్జర్‌ను వేరే బ్రాండ్ ఫోన్‌కి పెడితే, ఫోన్‌కీ ఛార్జర్‌కీ ఒకరి భాష ఒకరికి అర్థం కాక 10 వాట్ల దగ్గరే ఆగిపోవచ్చు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టే శక్తి దాదాపు 19 వాట్ అవర్స్. 10 వాట్లతో నింపాలంటే రెండు గంటలు దాటుతుంది. ఫోన్ పాడవలేదు, మాటలు కుదరలేదంతే. అడాప్టర్ మీద 'పీడీ' అని ఉందో లేదో, మీ ఫోన్ ఆ పద్ధతికి సపోర్ట్ చేస్తుందో లేదో చూసి కొనండి. కేబుల్ కూడా ముఖ్యమే. టైప్ సి కేబుల్‌లో 60 వాట్లు దాటాలంటే దాని లోపల ఒక చిన్న గుర్తింపు చిప్ ఉండాలి.

ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే టచ్ దానంతట అదే నొక్కుకుంటోందా? నాసిరకం ఛార్జర్ నుంచి వచ్చే విద్యుత్ గోల టచ్ స్క్రీన్‌ను తికమక పెడుతుంది. ఛార్జర్ పీకగానే ఆగిపోతే డిస్‌ప్లే మార్చక్కర్లేదు, ఛార్జర్ మార్చండి.

సమస్య 3: బ్యాటరీ నిలవట్లేదు

ముందు సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ చూడండి. ఒక్క యాప్ మిగతా వాటికంటే చాలా ఎక్కువ తింటుంటే అది సాఫ్ట్‌వేర్. ఏ యాప్ తప్పూ కనిపించక, 30 శాతం దగ్గర హఠాత్తుగా ఆఫ్ అవుతుంటే అది ముసలి బ్యాటరీ.

బ్యాటరీ కూడా అరిగే వస్తువే. ఐఫోన్ 14 వరకు వచ్చిన మోడళ్లలో 500 పూర్తి సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం మిగిలేలా డిజైన్ చేశామని యాపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి అది 1000 సైకిళ్లు. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో అమ్మే ఫోన్లకు 800 సైకిళ్ల తర్వాతా 80 శాతం ఉండాలనే రూల్ వచ్చింది. రోజుకో ఫుల్ ఛార్జ్ లెక్కన 500 సైకిళ్లంటే ఏడాదిన్నర కూడా కాదు. రెండు మూడేళ్ల ఫోన్ సాయంత్రానికి పడిపోతోందంటే ఆశ్చర్యం లేదు.

ముసలి బ్యాటరీ వల్ల ఫోన్ స్లో కూడా అవ్వొచ్చు. 2017 డిసెంబర్‌లో యాపిల్ ఈ విషయం ఒప్పుకుంది. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లు సడన్‌గా ఆఫ్ అవ్వకుండా వాటి వేగం తగ్గించామని చెప్పి, తర్వాత బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. ఫోన్ మార్చేద్దామనుకున్న చాలామందికి అసలు కావాల్సింది కొత్త బ్యాటరీ.

సిగ్నల్ వీక్‌గా ఉన్నచోట 5జీ ఆన్‌లో ఉంచినా బ్యాటరీ తొందరగా దిగుతుంది. ఫోన్ టవర్‌ను వెతుకుతూ, అందుకోవడానికి ఎక్కువ పవర్ ఖర్చు పెడుతుంది. ఆఫీసు సెల్లార్‌లో రోజంతా ఉండేవాళ్లు రెండు రోజులు 4జీకి మార్చి తేడా చూడండి.

ఒక్క విషయంలో మాత్రం ప్రయోగాలు వద్దు. వెనక ప్యానెల్ లేచినా, స్క్రీన్ అంచు విడిపోయినా, ఫోన్ టేబుల్ మీద బొంగరంలా తిరుగుతున్నా బ్యాటరీ ఉబ్బినట్టే. ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. ఆఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. బ్యాటరీ లోపం వల్ల 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 మోడల్‌నే మార్కెట్ నుంచి పూర్తిగా తీసేసింది. అంత పెద్ద కంపెనీయే తేలిగ్గా తీసుకోలేదు.

సమస్య 4: స్లో, హ్యాంగ్, యాప్స్ వాటంతట అవే క్లోజ్ అవడం

రీస్టార్ట్ తర్వాత మొదట చూడాల్సింది స్టోరేజ్. ఫోన్ మెమరీలో పాత డేటా మీద నేరుగా కొత్తది రాయడం కుదరదు. ఒక బ్లాక్ మొత్తం ఖాళీ చేసి మళ్లీ రాయాలి. ఖాళీ లేకపోతే ఉన్నదాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చుంటుంది. ఇరుకు గదిలో బీరువా జరపడం లాంటిదే. కనీసం 10 నుంచి 15 శాతం ఖాళీ ఉంచండి.

మన దేశంలో స్టోరేజ్ తినేసే పెద్దమనిషి ఎవరో తెలుసుగా? పొద్దున్నే పూలూ దేవుళ్లతో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటోలు. ఈ గోల గూగుల్ దాకా వెళ్లింది. 2017 చివర్లో గూగుల్ తెచ్చిన ఫైల్స్ గో యాప్ ఇలాంటి ఫోటోలను గుర్తించి ఒకేసారి తీసేసే వీలు కల్పించింది. ఇప్పుడది 'ఫైల్స్' పేరుతో ఉంది. వాట్సాప్‌లో మేనేజ్ స్టోరేజ్‌లోకి వెళ్తే ఏ గ్రూప్ ఎంత తింటోందో కనిపిస్తుంది. కానీ డిలీట్ కొట్టే ముందు వాయిస్ మెసేజ్‌లను ఒకసారి చూసుకోండి. ఎందుకు చెప్తున్నానో మీకు తెలుసు.

స్టోరేజ్ ఉన్నా స్లో అయితే సేఫ్ మోడ్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలో 'పవర్ ఆఫ్' మీద వేలు నొక్కి పట్టుకుంటే వస్తుంది. మీరు వేసుకున్న యాప్స్ ఏవీ నడవకుండా, ఫోన్‌తో వచ్చినవి మాత్రమే నడుస్తాయి. సేఫ్ మోడ్‌లో ఫోన్ బాగుంటే దొంగ మీరు వేసిన యాప్‌లలోనే ఉన్నాడు. ఈమధ్య వేసినవి ఒక్కొక్కటిగా తీసేస్తూ రండి. ఎక్కడెక్కడో దొరికిన ఏపీకేలతో మొదలుపెట్టండి. సేఫ్ మోడ్‌లోనూ అలాగే ఉంటే వేడి, బ్యాటరీ, హార్డ్‌వేర్ వైపు చూడాలి.

సమస్య 5: సిగ్నల్ లేదు, కాల్స్ రావట్లేదు

ఎయిర్‌ప్లేన్ మోడ్ అర నిమిషం ఆన్ చేసి తీయండి. అయినా రాకపోతే మీ సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి చూడండి. అక్కడ పనిచేస్తే సమస్య మీ ఫోన్‌ది. అక్కడా పనిచేయకపోతే సిమ్‌ది లేదా నెట్‌వర్క్‌ది. రెండు నిమిషాల ఈ టెస్ట్ చేయకుండా ఫోన్ రిపేర్‌కు ఇచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

జియోకు 2జీ, 3జీ లేవు. వీవోఎల్‌టీఈ ఆఫ్ అయితే మామూలు కాల్స్ కూడా వెళ్లవు. ఎవరో సెట్టింగ్ మార్చేసి ఉండొచ్చు, చూడండి. కాంక్రీటు మధ్య, సెల్లార్లలో, లిఫ్ట్ పక్కన సిగ్నల్ పడిపోవడం మాత్రం ఫిజిక్స్. 3500 మెగాహెర్ట్జ్ 5జీ తరంగాలు 700 మెగాహెర్ట్జ్ తరంగాల్లా గోడలు దాటలేవు. ఇంట్లో వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. ఎయిర్‌టెల్, జియో రెండింట్లోనూ ఉంది.

ఇవేవీ పనిచేయకపోతే 'రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్'. ఇది ఫ్యాక్టరీ రీసెట్ కాదు. వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జోడీలు పోతాయి, ఫోటోలు, చాట్‌లు పోవు.

రెండు సందర్భాల్లో మాత్రం దీన్ని టెక్నికల్ సమస్య అనుకుని తాత్సారం చేయొద్దు. కాల్స్ మీకు రాకుండా ఇంకెవరికో వెళ్తుంటే కాల్ ఫార్వర్డింగ్ సెట్టింగ్ చూడండి. *401* తో మొదలయ్యే నంబర్ డయల్ చేయించి కాల్స్ మళ్లించుకునే మోసాల వల్ల, టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి కోడ్‌తో చేసే కాల్ ఫార్వర్డింగ్‌ను ఆపేయమని కంపెనీలను ఆదేశించింది. ఇక రెండోది: అందరికీ సిగ్నల్ ఉండి మీ సిమ్ ఒక్కటే గంటలకొద్దీ చచ్చిపోతే, మీ పేరుతో ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసుకున్నారేమో అనుమానించండి. వేరే ఫోన్ నుంచి నెట్‌వర్క్ కంపెనీకీ, బ్యాంకుకూ చెప్పండి. డబ్బులు పోయి ఉంటే వెంటనే 1930కి కాల్ చేయండి.

సమస్య 6: నీళ్లలో పడింది

బియ్యం డబ్బా వద్దు. బియ్యపు పొడి ఫోన్‌లోకి వెళ్లి ఇంకా పాడుచేయొచ్చని యాపిల్ స్పష్టంగా చెప్పింది. తడి ఫోన్‌ను చంపేది నీళ్లకంటే ఎక్కువగా నీళ్లలో ప్రవహించే కరెంటు. అందుకే "ఆన్ అవుతుందో లేదో" చూడాలనే ఆత్రమే అసలు శత్రువు. ఆఫ్ చేసి, సిమ్ ట్రే తీసి, పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టండి. గాలి తగిలే చోట కనీసం ఒక రోజు ఉంచండి. హెయిర్ డ్రైయర్ వద్దు. ఐపీ68 అని ఉన్నా, ఆ టెస్ట్ మంచినీళ్లలో, కొత్త ఫోన్ మీద జరిగింది. రెండుసార్లు కింద పడిన ఫోన్‌కు ఆ సీల్ అలాగే ఉంటుందని లేదు.

చిన్న చిన్నవి, నిమిషంలో తేలేవి

కాల్‌లో స్క్రీన్ నల్లబడి మళ్లీ రావట్లేదా? ప్రాక్సిమిటీ సెన్సర్‌ను టెంపర్డ్ గ్లాస్ మూసేసి ఉంటుంది. గ్లాస్ తీసి చూడండి.

మన మాట అవతలివాళ్లకు వినపడట్లేదా? వాయిస్ రికార్డర్‌లో మాట్లాడి వినండి. రికార్డింగ్ బాగుంటే మైక్ బాగున్నట్టే, నెట్‌వర్క్ చూడండి. లేకపోతే కింద ఉన్న చిన్న రంధ్రంలో దుమ్ము ఉందేమో, పౌచ్ అడ్డొస్తోందేమో చూడండి.

స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత పడిందా? స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌కు పంపండి. అందులో గీత లేకపోతే అది డిస్‌ప్లే హార్డ్‌వేర్. అప్‌డేట్ తర్వాత వచ్చినా సరే, రీసెట్‌తో పోదు. వారంటీ అయిపోయినా కొన్ని బ్రాండ్లు మన దేశంలో కొన్ని మోడళ్లకు ఉచితంగా మార్చాయి. డబ్బులు కట్టే ముందు సర్వీస్ సెంటర్‌లో ఆ మాట అడగండి.

ఏ భాగం పాడైందో తెలియట్లేదా? శామ్‌సంగ్‌లో *#0*#, షావోమీలో *#*#6484#*#* డయల్ చేస్తే టెస్ట్ మెనూ వస్తుంది. టచ్, స్పీకర్, సెన్సర్లు ఒక్కొక్కటిగా చూసుకోవచ్చు.

రిపేర్‌కి ఇచ్చే ముందు

కొంపల్లి నుంచి బండేసుకుని ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌కు వెళ్లినా, వీధి చివరి షాపుకు వెళ్లినా ఇవి చేయండి. *#06# డయల్ చేసి ఐఎంఈఐ నంబర్ కాగితం మీద రాసుకోండి. సిమ్, మెమరీ కార్డ్ తీసేయండి. అన్‌లాక్ పాస్‌వర్డ్ ఇవ్వకండి. శామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి ఆన్ చేస్తే మీ ఫోటోలు, చాట్‌లు కనపడకుండా రిపేర్ చేయొచ్చు. ఏ పార్ట్ మారుస్తున్నారో, ఒరిజినలో కాదో బిల్లు మీద రాయించుకోండి. పాత పార్ట్ తిరిగి అడగండి. ఇవన్నీ అడిగితే ఎవరూ కోప్పడరు. నాలుగు సంగతులు తెలిసిన కస్టమర్‌కు "బోర్డు పోయింది" అని చెప్పడం అంత తేలిక కాదు. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మరి రీసెట్ ఎప్పుడు?

వేడి కాదు, స్టోరేజ్ కాదు, బ్యాటరీ కాదు, సేఫ్ మోడ్‌లో ఫోన్ బాగుంది, అనుమానం ఉన్న యాప్స్ తీసినా తగ్గలేదు. అప్పుడు రీసెట్. దానికి ముందు గూగుల్ బ్యాకప్ తేదీ ఈరోజుదేనా అని చూడండి. ముఖ్యమైన ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసి, అక్కడ ఒకటి రెండు తెరిచి చూడండి. కాపీ అయిందనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు. జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుందా? రీసెట్ తర్వాత ఫోన్ పాత గూగుల్ అకౌంట్ అడిగితే, అది లేకుండా లోపలికి వెళ్లలేరు. ఫోన్ వేరేవాళ్లదైతే ఈ ప్రశ్నలన్నీ వాళ్లను కూర్చోబెట్టి అడగండి. "బ్యాకప్ ఉందా?" అన్న ఒక్క ప్రశ్న చాలదు. ఆ తేదీ మీరే కళ్లతో చూడాలి.

చిన్నమ్మ ఫోన్ విషయానికొస్తే, ఇప్పుడది స్టవ్‌కు దూరంగా, గల్లా పెట్టె పక్కన షెల్ఫ్‌లో, పౌచ్ లేకుండా ఉంటోంది. రాత్రి మాత్రమే ఛార్జింగ్. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. ఖర్చు సున్నా.

బాబాయి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్‌లు కొన్ని నా ఫోన్‌లో దొరికాయి. వాట్సాప్ మెసేజ్‌లు ఉండేది పంపినవాళ్ల, అందుకున్నవాళ్ల ఫోన్లలోనే కాబట్టి, చుట్టాలందరి ఫోన్లూ వెతికాను. అన్నీ కలిపి ఒక పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. "కూర మాడగొట్టకు" అని ఆయన నవ్వుతూ అన్నది ఒకటి ఉంది. చిన్నమ్మ అది మళ్లీ మళ్లీ పెట్టుకుంటుంది. ఆమె ఒక్కదానికే పంపినవి మాత్రం దొరకలేదు, దొరకవు. చిన్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ నా చేతిలో పెడితే, ముందు "ఎప్పుడు ఆగిపోతుంది?" అని అడుగుతాను. ఆ తర్వాతే అన్‌లాక్ చేయమంటాను.